"లేవు" అని రాసే ఉద్యోగం

ఓపెన్ కాస్టు వచ్చే చోటికి మనుషులు ఒక వరసలో వస్తారు. ముందు బోరు బండి తెచ్చి బొగ్గు ఎంత లోతులో ఉందో చూసేవాళ్లు. తర్వాత హద్దురాళ్లు పాతేవాళ్లు. ఆ తర్వాత, ఎక్కువగా ఎండాకాలంలో, మెడలో దుర్భిణి, చేతిలో అట్ట, జేబులో జీపీఎస్ పెట్టుకుని ఒక చదువుకున్న మనిషి వస్తాడు. చెట్టు మొదలుకు టేపు చుట్టి కొలుస్తాడు. పిట్ట కూస్తే అదేమిటని అడుగుతాడు. కొన్ని రోజులు తిరిగి జీపెక్కి పోతాడు. బోరు బండి ఎందుకు వచ్చిందో, రాయి ఎందుకు పాతారో మా గూడేల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ మూడో మనిషి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. కరపత్రాల్లో కలెక్టరు ఉంటాడు, జనరల్ మేనేజరు ఉంటాడు, రేంజరు ఉంటాడు. ఈయన ఉండడు. ఈయన రాసిన కాగితం మీదనే మిగతావాళ్లంతా సంతకాలు పెడతారు కాబట్టి మేము ఈయన గురించే రాస్తున్నాం.

ఆయన చదివింది వన్యప్రాణుల సంరక్షణ. జువాలజీలోనో బాటనీలోనో ఎమ్మెస్సీ, కొందరికి పీహెచ్‌డీ కూడా. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో చదివినవాళ్లు ఉంటారు, మన కాకతీయ, ఉస్మానియా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ఎక్కువమంది పులి మీదనో కొంగల మీదనో ప్రేమతో ఆ చదువుకు వచ్చినవాళ్లే. కానీ పరిశోధన కొలువులు తక్కువ, ఉన్నవి కూడా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అటవీ శాఖలో పోస్టులు ఎప్పుడు పడతాయో తెలియదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, అద్దె కట్టవలసి వచ్చేసరికి కన్సల్టెన్సీ ఒక్కటే కనపడుతుంది. అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే గనులు, ఫ్యాక్టరీలు, రోడ్లు ఎప్పుడూ ఉంటాయి. 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం గనికి పర్యావరణ అనుమతి కావాలంటే ప్రభావ అంచనా నివేదిక, అంటే ఈఐఏ, ఉండాలి. దాన్ని తయారుచేసే సంస్థకు భారత నాణ్యతా మండలి కింద ఉన్న నాబెట్ గుర్తింపు ఉండాలి. గాలి, నీరు, చప్పుడు, భూగర్భం, సామాజిక ఆర్థికం ఇట్లా 12 రంగాల నిపుణులను ఆ గుర్తింపు పద్ధతి లెక్కలోకి తీసుకుంటుంది. అందులో జీవావరణం, జీవవైవిధ్యం ఒక రంగం. మా అడవి మొత్తం ఆ పన్నెండింట్లో ఒక గడి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నివేదిక రాయించేది ఎవరు? గని తవ్వదలచుకున్నవాళ్లే. కన్సల్టెన్సీని ఎంచుకునేది వాళ్లు, ఫీజు ఇచ్చేది వాళ్లు. చిత్తుప్రతి చూసి "ఇది మార్చండి" అనగలిగేది కూడా వాళ్లే. అనుమతి రాని నివేదికలు రాసిన కన్సల్టెంటుకు మళ్లీ పని ఇచ్చే కంపెనీ ఎక్కడుంది? పెళ్లికొడుకు తరపువాళ్లు డబ్బులిచ్చి పెట్టిన మనిషిని పెళ్లికొడుకు గుణం చెప్పమంటే ఏం చెబుతాడో మా ముసలమ్మలకు తెలుసు. దేశం మొత్తం మీద ఈ వ్యవహారం ఇట్లాగే నడుస్తోంది. ఒక కంపెనీ చెడ్డది, ఇంకోటి మంచిది అనే మాట కాదు ఇది. ఎంత నిజాయితీ గల మనిషినైనా తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెడితే, రెండో మూడో నివేదికకు అతని కలం తనంతట తానే జాగ్రత్తపడుతుంది. ఎవరూ బెదిరించనక్కర్లేదు, లంచం ఇవ్వనక్కర్లేదు.

ఆ జాగ్రత్త ఎట్లా ఉంటుందో ఎరిగినవాళ్లకు నివేదిక చదివితే తెలుస్తుంది. గని హద్దు లోపలి భాగాన్ని కోర్ జోన్ అంటారు. చుట్టూ 10 కిలోమీటర్ల మేర బఫర్ జోన్. ఒక్క బిందువు చుట్టూ 10 కిలోమీటర్ల గుండ్రం గీస్తేనే 314 చదరపు కిలోమీటర్లు అవుతుంది, గని హద్దు నుంచి కొలిస్తే ఇంకా పెరుగుతుంది. అంత మేర అడవినీ, వాగులనూ, చెరువులనూ ఒకరిద్దరు మనుషులు కొద్ది రోజుల్లో చూడగలరా? చూడలేరు. అందుకని అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌లోని జాబితా తీసుకుంటారు, పక్క గనికి రాసిన పాత నివేదిక తీసుకుంటారు. చివరకు ఒక పట్టిక తయారవుతుంది. కోర్ జోన్‌లో కుందేలు, ముంగిస, తొండ, కాకి, గోరింక, పావురం. దాని కింద దాదాపు అన్ని నివేదికల్లో ఒకే రకమైన వాక్యం: అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులేవీ కోర్ జోన్‌లో లేవు. ఆ "లేవు" అనే మాట విలువ ఏమిటో తెలుసుకోవాలంటే చట్టం చూడాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి ఆ ప్రాంతంలో ఉందని రాస్తే దానికి ప్రత్యేకంగా సంరక్షణ ప్రణాళిక కావాలి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదం కావాలి, డబ్బు పెట్టాలి, నెలలు గడుస్తాయి. ఎలుగుబంటి, అలుగు, ఉడుము, నెమలి, మగ్గర్ మొసలి ఇవన్నీ మొదటి షెడ్యూలు జీవులే. మన ఊళ్లలో ఉడుము లేని పుట్టలూ, నెమలి కూయని చేన్లూ వెతకాలి. "లేవు" అని రాయడం ఎంత తేలికో, "ఉంది" అని రాయడం ఎంత ఖరీదో దీన్నిబట్టి చూడండి.

2007లో మహారాష్ట్రలోని రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గనికి రాసిన నివేదికలో అక్కడి పక్షుల నివాసం స్ప్రూస్, బర్చ్ చెట్ల అడవులని రాశారు. అవి మంచు దేశాల చెట్లు. రష్యాలోని ఒక బాక్సైట్ గని నివేదిక నుంచి ఎత్తి రాశారని తర్వాత బయటపడింది. కొంకణంలో మామిడి, జీడిమామిడి తోటల నడుమ రష్యా చెట్లు! దాన్ని చదివి నవ్వుకున్నవాళ్లు చాలామంది. మాకు నవ్వు రాలేదు. స్ప్రూస్ అని రాశారు కాబట్టి దొరికిపోయారు. టేకు, మద్ది, తునికి అని రాసి ఉంటే, ఒక జిల్లా అడవిని ఇంకో జిల్లాకు అతికించి ఉంటే ఎవరు పట్టుకునేవాళ్లు?

రామగుండం దగ్గరికి వద్దాం. గోదావరిఖనిలో ఏ డాబా ఎక్కి చూసినా మట్టిగుట్టలు కనపడతాయి. బొగ్గు మీది మట్టిని తవ్వి పోసిన గుట్టలవి. ఈ ప్రాంతంలో ఓపెన్ కాస్టుకు జనం పెట్టుకున్న పేరు బొందలగడ్డ. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు వైపు బొగ్గు తవ్వకం హక్కులు పొందింది, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది, ఇప్పుడు అందులో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. భూగర్భ బాయిల కాలంలో అడవి పైన ఉండేది, మనిషి కింద ఉండేవాడు. ఓపెన్ కాస్టు వచ్చాక పైనా కిందా ఒకటే అయింది. నేడు సంస్థ తీసే బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్ కాస్టులదే. మట్టిగుట్టల మీద మొక్కలు నాటి అడవిని తిరిగి తెచ్చామంటారు. నాటడం మంచిదే, దుమ్మైనా ఆగుతుంది. కానీ వరసగా నిలబెట్టిన నీలగిరి, సుబాబుల్ కింద ఏ తీగ పాకుతుంది, ఏ గడ్డ ఊరుతుంది, ఇప్పపూవు ఎక్కడ రాలుతుంది? ఆ తేడా చెప్పవలసిన చదువు సరిగ్గా ఈ జీవశాస్త్రజ్ఞుడి చదువే.

మంథనికి దగ్గరలో, గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యం ఉంది. సుమారు 30 చదరపు కిలోమీటర్లు. మగ్గర్ మొసళ్ల కోసం పెట్టింది. ఒక దిక్కు రామగుండం వైపు గనులు, ఇంకో దిక్కు జైపూర్ మండలంలో సింగరేణివారి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం, నది మీద బ్యారేజీలు. బ్యారేజీలు కట్టాక నది నడకే మారిపోయింది, ఇసుక తిన్నెలు ఎక్కడ తేలుతాయో ఎక్కడ మునుగుతాయో పడవ నడిపేవాళ్లకే అంతుపట్టడం లేదు. మొసలి గుడ్లు పెట్టేది ఒడ్డు మట్టిలో, ఇసుకలో. ఇంత చిన్న అభయారణ్యం చుట్టూ ఇన్ని పనులు జరుగుతుంటే ఒక్కో పనికి ఒక్కో నివేదిక, ఒక్కో 10 కిలోమీటర్ల గుండ్రం. గుండ్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. కానీ అన్నిటి బరువు కలిపి ఆ మొసలి మీద ఎంత పడుతోందో చెప్పమని ఏ ఒక్క కన్సల్టెంటుకూ పని అప్పగించరు. తన గని వరకే ఆయన లెక్క. తన గని ఒక్కటే అయితే ప్రభావం ఎప్పుడూ కొంచెమే. కొంచెం, కొంచెం, కొంచెం అని రాసుకుంటూ పోతే నది మొత్తం పోతుంది, కాగితాల్లో ఎక్కడా తప్పు కనపడదు.

ఇక కాలం సంగతి. నివేదికకు ఒక్క కాలం వివరాలు, అంటే మూడు నెలలవి, సరిపోతాయని పద్ధతి. అది వానాకాలం కాకుండా ఉండాలి. గాలిలో దుమ్ము కొలిచేవాళ్లకు అది సరైనదే కావచ్చు, వానలో దుమ్ము అణగిపోతుంది కదా. ఆ కొలతనే తెచ్చి అడవి మీద కూడా పెట్టారు. మార్చి నుంచి మే దాకా మా అడవిని చూసినవాడికి ఏం కనపడుతుంది? ఆకు రాల్చిన టేకు, ఎండిన వాగు, పగిలిన మడుగు. కప్పలు మట్టి కింద ఉంటాయి. తొలకరి పడిన మర్నాడు ఎర్ర మఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగు నేల మీద నడుస్తుంది, అది మే నెల పట్టికలో ఉండదు. పుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి, వెదురు కొమ్ములు పొడుస్తాయి, ఆగాకర తీగ చెట్టెక్కుతుంది, మేము తవ్వుకుని తినే గడ్డల తీగలు ఆకు చూపిస్తాయి. ఆకు లేనప్పుడు ఆ గడ్డ ఎక్కడుందో మా ఆడవాళ్లకు మాత్రమే గుర్తు. అలుగు రాత్రిపూట తిరిగే జీవి, పగలు బొరియలో ముడుచుకుని ఉంటుంది, పదేళ్లు అడవిలో తిరిగినవాడికీ ఒకటి రెండు సార్లు కనపడితే గొప్ప. పగటిపూట జీపులో తిరిగి అలుగు లేదని రాయడం ఎట్లాంటిదంటే, పొలం పనికి పోయిన వేళ గూడేనికి వచ్చి ఈ ఇళ్లల్లో మనుషులు లేరని రాసుకుపోవడం లాంటిది. అది కూడా మాకు తెలిసిన సంగతే లెండి, జనాభా లెక్కలప్పుడు.

ఆ కొద్ది రోజులు కూడా ఆయన ఒంటరిగా తిరగడు. ముందు మావాడు నడుస్తాడు. నాయకపోడో, గోండో, కోలామో, కోయో ఎవరో ఒకరు, రోజు కూలికి. ఆ చెట్టు పేరేమిటో, ఆ పెంటిక ఏ జంతువుదో, నీళ్లకు ఏ దారిన దిగుతాయో, గబ్బిలాలు ఏ గుట్ట సందులో ఉంటాయో చెప్పేది ఇతనే. నివేదికలో ఇతనికి దక్కేది రెండు మాటలు: "స్థానికులను విచారించగా". నిపుణుడికి లాటిన్ పేరు తెలుసు, అది చిన్న విషయమేమీ కాదు, ఆ పేరు వల్ల ప్రపంచంలో ఎక్కడివాడైనా ఇదే చెట్టు అని తెలుసుకుంటాడు. కానీ చూపించినవాడు లేకుండా ఆ లాటిన్ పేరు ఏ చెట్టుకు తగిలించాలో ఆయనకు తెలియదు. నాయకపోళ్లు లక్ష్మీదేవర ముఖం చెక్కించుకునే చెక్క ఏ చెట్టుదో, దాన్ని ఏ దినాన కొట్టాలో, కొట్టేముందు ఏం చెప్పాలో ఒక లెక్క ఉంది. పట్టికలో ఆ చెట్టుకు చుట్టుకొలత గడి ఉంది, సంఖ్య గడి ఉంది. ఈ లెక్కకు గడి లేదు.

ఇంత చెప్పాక ఒకరు అడగవచ్చు: అయితే మీకు జీవశాస్త్రజ్ఞులంటేనే పడదా? నిజానికి మాకు వాళ్లతో పాత లావాదేవీ ఉంది, ఇంకో వైపు నుంచి. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. కోర్‌లో ఉన్న రాంపూర్, మైసంపేట గూడేలను 2024లో బయటికి తరలించారు. 2025 మే 30న జీవో 49 వచ్చింది. తడోబా నుంచి కవ్వాల్‌కు పులి నడిచే దారి కోసం కుమ్రం భీం పేరుతో సంరక్షణ రిజర్వు ప్రకటించారు. భీం పేరు పెట్టి భీం మనుషులనే భయపెట్టారని ఆసిఫాబాద్ జిల్లా ఆదివాసులు లేచి నిలబడితే జూలైలో ఆ జీవోను ఆపి పెట్టారు. అక్కడ శాస్త్రం పులి అడుగు ప్రతిదీ లెక్కపెట్టింది. చెట్టుకు కట్టిన కెమెరాలు, నాలుగు కాలాలు, జన్యు పరీక్షలు, పటాలు. పులి ఒక రాత్రి దాటిన కాలిబాట కూడా కారిడార్ అయింది. మంచిదే, పులి మాకు శత్రువు కాదు. కానీ అదే పులి, అదే ఎలుగుబంటి, బొగ్గు మీద నడిచినప్పుడు ఒక్క ఎండాకాలం చూపు చాలంటారేమి? గోండు గూడెం ఖాళీ చేయాలంటే అడవి నిండా జంతువులు, గని తవ్వాలంటే కుందేలూ ముంగిసా. రెండు నివేదికల్లోనూ మారనిది ఒక్కటే: మనుషులుగా మేము. అక్కడా ఇక్కడా మా వంటచెరుకు, మా మేకలు, మా కాలిబాటలు "ఒత్తిడి" కింద రాస్తారు. పొక్లెయిన్‌ను ఒత్తిడి అని రాసిన పట్టికను మేము ఇంకా చూడలేదు.

శాస్త్రం అబద్ధమని మేము అనం. అడిగినదానికే జవాబు చెబుతుంది. ఎవరు అడిగారు, ఎన్నాళ్లు చూడమన్నారు, ఎంత డబ్బు ఇచ్చారు అనేది అడగకుండా జవాబును మాత్రం పూజించమంటే మేము పూజించం.

ప్రభుత్వం డబ్బుతో వచ్చి కూడా నిజం రాసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, మన మధ్యనే ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపాక గోండుల అసంతృప్తికి కారణం ఏమిటో చూడమని నిజాం ప్రభుత్వం ఒక పరదేశి శాస్త్రజ్ఞుణ్ని పంపింది. హైమన్‌డార్ఫ్. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే ఆయన కన్సల్టెంటే. జీతం ఇచ్చింది నిజాం సర్కారు. కానీ ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, అడవి శాఖ, వడ్డీ షావుకార్లు, పట్వారీలు కలిసి గోండు నేలను ఎట్లా మింగారో తనకు జీతమిచ్చినవాళ్లకే రాసి చూపించాడు. గోండులకు పట్టాలు రావడంలో, మార్లవాయిలో గోండి బడి పెట్టడంలో ఆయన పాత్ర ఉంది. ఆయన భార్య బెట్టీ 1987లో పోయింది, ఆయన 1995లో పోయాడు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా జనవరిలో వర్ధంతి చేస్తారు. ఆయన రాసినదంతా మేము ఒప్పుకుంటామని కాదు. మా గురించి మేమే రాసుకునే రోజులివి. కానీ జీతం తీసుకుని కూడా ఎంత దూరం రాయవచ్చో ఆ గుడిసె చెబుతుంది. ఆయనకు ఒక వెసులుబాటు ఉండేది, అదీ చెప్పాలి: గోండు నేల అమ్మకం మీద లాభం చూసుకునే షావుకారు కాదు ఆయన్ని నియమించింది. ఇవాళ్టి కన్సల్టెంటు తీరు అచ్చంగా షావుకారు నియమించిన అమీను తీరు.

బొగ్గు లేకపోతే కరెంటు ఎట్లా, ఉద్యోగాలు ఎట్లా అనే మాట గోదావరిఖనిలో తప్పక వస్తుంది. మా చుట్టాలు కూడా సింగరేణి జీతం తింటున్నవాళ్లే, ఆ మాటను మేము తేలికగా తీసుకోం. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు తగ్గి కార్మికులు తగ్గలేదు, ఓపెన్ కాస్టు యంత్రాలు వచ్చి తగ్గారు. అడవి పోయింది, కొలువు కూడా పోయింది. కాబట్టి అడవి లెక్క నిజంగా రాయమని అడగడం కార్మికుడి నోటి దగ్గర కూడు తీసేది కాదు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ, నడుస్తున్న బొగ్గు గనిని అదే లీజులో 40 శాతం దాకా పెంచుకుంటే ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా వెసులుబాటు ఇచ్చింది. మాట్లాడేందుకు మాకున్న ఒక్క టెంటు కూడా కొన్నిచోట్ల వేయనక్కర్లేదన్నమాట. అట్లాంటప్పుడు మిగిలేది నివేదిక ఒక్కటే. అందులో "లేవు" అని ఉంటే ఇక లేనట్టే.

మన ప్రాంతం అంతా ఒకటిగా కూడా లేదు. తిర్యాణి, టేకులపల్లి మండలాలు ఐదో షెడ్యూలులో ఉన్నాయి, పెసా చట్టం ఉంది, గ్రామసభ అనే మాటకు కొంత బరువుంది. టేకులపల్లి దగ్గర ఒక ఓపెన్ కాస్టు పేరే కోయగూడెం. గూడెం పేరు గని బోర్డు మీద ఉంది. 1997లో సమత కేసు తీర్పు షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు గనులకు అడ్డుకట్ట వేసింది గానీ ప్రభుత్వ సంస్థలకు దారి ఉంచింది. రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల నాయకపోళ్లకు ఆ షెడ్యూలు కూడా లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూలుతో సంబంధం లేకుండా అందరికీ ఉంది. 2009లో కేంద్రం అడవిని మళ్లించాలంటే గ్రామసభ సమ్మతి కావాలని ఉత్తర్వు ఇచ్చింది, 2022 నియమాలు ఆ పని బరువును రాష్ట్రం మీదకు నెట్టి అనుమతి ముందు, హక్కులు వెనుక అనే వరస పెట్టాయి. ఇక్కడ ప్లీడర్లు చేయాల్సిన వాదన చాలా ఉంది, అది వేరే వ్యాసం.

మా మాట ముఖ్యంగా మా పిల్లలతో. గురుకులాల్లో చదివి, ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం కోసం తిరుగుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీలో కొందరు ఈ కన్సల్టెన్సీల్లో ఫీల్డ్ అసిస్టెంట్లుగా చేరారు, ఇంకా చేరతారు. వద్దని చెప్పే హక్కు మాకు లేదు, మీ ఇంట్లో పొయ్యి మేము వెలిగించడం లేదు. పైగా మీరు పోకపోతే మీ బదులు మద్దికీ నల్లమద్దికీ తేడా తెలియనివాడు పోతాడు. పోండి. కానీ అసిస్టెంటుగానే ముసలివాళ్లు కాకండి, నిపుణుడి గుర్తింపు తెచ్చుకునేదాకా పట్టు వదలకండి. నివేదిక వెనక నిపుణుల డిక్లరేషన్ పేజీ ఉంటుంది, పేరు, సంతకం అక్కడ పడతాయి. మీరు చూడని అడవి మీద ఆ పేజీలో సంతకం పెట్టవద్దు. చూసినదాన్ని ఏ తేదీన, ఏ వాగు దగ్గర, ఎన్ని గంటలకు చూశారో మీ సొంత నోటుబుక్కులో రాసి ఇంట్లో పెట్టుకోండి. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని అలుగు పేరు కొట్టేయమన్న రోజు ఆ నోటుబుక్కే మీకు ధైర్యం. ముందు నడిచిన మనిషి పేరు, గూడెం పేరు, అతను ఒప్పుకుంటేనే, నివేదికలో రాయించండి. 2006 నోటిఫికేషన్ 8వ పేరాలో ఒక మాట ఉంది: కావాలని దాచినా, తప్పుడు వివరాలు ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని రద్దు కూడా చేయవచ్చు. ఆ మాటను మీ పైఅధికారికి గుర్తు చేయడం తప్పు కాదు.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఉంది. నివేదిక ఖర్చును కంపెనీ నేరుగా కన్సల్టెంటుకు ఇవ్వకూడదు. ఒక ప్రభుత్వ ఖాతాలో కట్టాలి, కన్సల్టెంటును చిట్టీ తీసి కేటాయించాలి. అనుమతి వచ్చినా రాకున్నా అతని ఫీజు అతనికి ముట్టాలి. అడవి గురించిన భాగానికి నాలుగు కాలాలు చూడాల్సిందే, వానాకాలం మొదలు. నివేదిక సారాంశం తెలుగులో ఇస్తున్నారు, బాగుంది, కానీ జంతువుల చెట్ల జాబితా ఎప్పుడూ వెనక అనుబంధంలో ఇంగ్లీషులో ఉంటుంది. మాకు కావలసింది ఆ జాబితాయే. మా పేర్లతో కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ రోజు వేదిక మీద మేనేజర్లతో పాటు జాబితా మీద సంతకం పెట్టిన జీవశాస్త్రజ్ఞుడు కూడా కూర్చోవాలి. అలుగు ఎక్కడ వెతికావయ్యా, ఏ రాత్రి వెతికావు అని ఒక కోలాం ముసలాయన అడిగితే మైకులో జవాబు చెప్పాలి.

ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేని పని ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా, పురుగూ పుట్రా, వాటి వాడకం అన్నీ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే నెలకు 10 లక్షలు కట్టాలని రాష్ట్రాలను హెచ్చరించాక, దేశమంతా రిజిస్టర్లు పరుగున తయారయ్యాయి. ఊరికొకటి రాయాల్సింది మండలానికొకటి రాసి పేర్లు మార్చినట్టు ఉన్నవి మేము చూశాం. పంచాయతీ బీరువాలో తాళం కింద ఉన్నవీ చూశాం. తాళం తీయించండి. అందులో మీ వాగు ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రామసభ పెట్టి తిరిగి రాయండి, తీర్మానం నంబరు వేయించండి, ఒక నకలు కలెక్టరాఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి. కన్సల్టెంటు వచ్చిన రోజు ఆయన చేతికి ఇది ఇవ్వాలి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. అప్పుడు ఆయన "లేవు" అని రాస్తే, ఉన్నవని రాసి ఇచ్చిన కాగితం రశీదుతో సహా మన దగ్గర ఉంటుంది.

మా వైపు మేము ఈ తొలకరికి మొదలుపెడుతున్నాం. గూడేనికి ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక ముసలామె, ఒక వేట మానేసిన మనిషి. అతనికి తెలిసినంత అటవీ శాఖకు కూడా తెలియదు, కేసు పెట్టరని మాట ఇస్తే అన్నీ చెబుతాడు. వానాకాలం ఒక పుస్తకం, చలికాలం ఒకటి, ఎండాకాలం రెండు, ఇప్పపూవుకు ముందు, తర్వాత. తేదీ, చోటు, చూసినవాళ్ల పేరు. ఏం కనపడలేదో అది కూడా రాస్తాం, ఎన్ని రాత్రులు వెతికామో రాసి.